నెలకోసారి వచ్చేవాణ్ణి

మీటరు ఎక్కడుంటే అక్కడికే నా దారి.
మొగల్రాజపురంలో అది సన్నజాజి పందిరి వెనక,
తీగ పక్కకి తోస్తే గానీ అంకెలు కనపడవు.
"మెల్లగా బాబూ, మొగ్గలు" అంటారు దమయంతి టీచరు
కిటికీలోంచి, ముఖం చూపించకుండా.
వన్ టౌన్‌లో మెట్ల కింద,
రెండు స్కూటర్ల మీంచి వంగి టార్చి వెయ్యాలి.
అక్కడ పెరడంటే పిట్టగోడ మీద డాల్డా డబ్బా,
అందులో ఖాజాబీ
లెక్కపెట్టి తుంచే పుదీనా.

ఊరంతా ఒకటే ఎండ అంటారు.
కాదు.
నా మిషన్లోంచి చీటీ చిరిగొస్తుంది, నాకు తెలుసు.
కొండవార ఇళ్ళకి మాఘం పోకముందే ఫ్యాన్లు తిరుగుతాయి,
రాయి పగలంతా తాగింది రాత్రంతా కక్కుతుంది.
కృష్ణలంకలో ఉగాది దాకా దుప్పటి మడత పెట్టరు.
ఏటి గాలి,
గోడ కట్టాక కాస్త ఎత్తునుంచి వస్తోందంతే.
పటమటలో రోహిణి కార్తెకి
మనుషులు కనపడరు, ఏసీల రొద వినపడుద్ది.
వాటి గొట్టం చుక్కలు కారే చోట
ఎవరూ వెయ్యని తోటకూర,
ఊళ్ళో అన్నిటికన్నా పచ్చగా.

ఒక ఏడు తొలకరికి
టీచరుగారి ముద్దమందారం కొట్టించి గోడ బయట పడేశారు.
మూడు కొమ్మలు సంచిలో వేసుకున్నా,
చీటీల కట్ట పక్కన, తడిగుడ్డ చుట్టి.
ఒకటి కృష్ణలంకలో టైలరు సుందర్రావుకి,
ఒకటి గుణదల మెట్ల దగ్గర ఎస్తేరమ్మకి,
ఒకటి సింగ్ నగర్‌లో, ఇడ్లీబండి పైడితల్లికి.
ఒక్క తల్లి పిల్లలే.
ఇసకలో పడ్డది ఆకులేసి ఊరుకుంది,
"కోటుకి గుండీలు మర్చిపోయినట్టుంది" అనేవాడు సుందర్రావు.
ఎస్తేరమ్మది రెండు గోడల సందులో
వెలుతురు కోసం మెడ చాచీ చాచీ
మేడ మీదివాళ్ళకి పూసింది.
పైడితల్లిది నల్లమట్టి.
దసరాకల్లా నాలుగు పూలు, బండికి ముందొకటి.

బుడమేరు వచ్చిన నెల
సింగ్ నగర్ రీడింగు తియ్యొద్దన్నారు. నీళ్ళు తీశాక తియ్యమన్నారు.
వెళ్ళాను.
గోడ మీద బురద గీత నా భుజానికి వచ్చింది,
మీటరు అద్దం లోపల ఒక నత్త.
ఫ్రిజ్జు రోడ్డు మీద వెల్లకిలా ఉంది,
మందారం ఉన్న చోట నల్లటి పుల్ల.
బిల్లు గురించి అడుగుద్దనుకుని
జవాబు కూడబలుక్కుంటున్నా.
పైడితల్లి చీపురు ఆపకుండా
"అదే చెట్టుది ఇంకో కొమ్మ దొరుకుద్దా?" అంది.

మొగల్రాజపురం వెళ్తే
పందిరి లేదు, గేటు లేదు,
నీలం రేకుల వెనక జేసీబీ.
ఐదంతస్తులంట. టీచరుగారు ఎటు వెళ్ళారో
ఇస్త్రీబండి వాడికీ తెలీదు.
కృష్ణలంకది ఎండాకాలంలోనే పోయిందన్నాడు సుందర్రావు,
తప్పు చేసినవాడిలా కుట్టుమిషను వంక చూస్తూ.
మిగిలింది గుణదల సందు.
ఎస్తేరమ్మ కత్తిపీట తెచ్చింది.
పైన ఎండ తగిలి పూసే తల మొత్తం కోసి
నా చేతుల్లో పెట్టింది.
"ఇంత ఎందుకమ్మా?"
"మళ్ళీ ఎక్కుద్దిలే. దానికి అలవాటే."

మా ఇల్లు విద్యాధరపురం కొండ మీద, నూట పన్నెండు మెట్లు.
బిందె పైకి చేరేసరికి సగం.
మాకు ఋతువంటే ఆ సగంలో ఎంత మిగిలిందని.
నేనేమీ పెంచను.
ఎవరి పెరట్లో ఏముందో చెప్పమంటే మాత్రం
కళ్ళు మూసుకుని చెప్తా.

ఈ నెల సింగ్ నగర్ వెళ్ళాను.
పైడితల్లి బండి తోలుకుపోయింది, తలుపుకి తాళం.
కొత్త మీటరు ఈసారి ఎత్తులో బిగించారు,
నీటి గీతకి జానెడు పైన.
అప్పుడే దాన్ని అందుకుంది ఒక కొమ్మ.
మెల్లగా పక్కకి తోశాను.
మొగ్గలు.
ముప్పై ఒక్క యూనిట్లు.